రంగుకు వయసు కలిపిన పెయింటరుగారు

ఎనభైల్లో తెనాలిలో కార్లకు రంగులేసే పెయింటరుగారు ఒకరుండేవారు. కారు మీద పడ్డ ఏ గీతనైనా ముందు కళ్లు మూసుకుని వేలితో తడిమేవారు.

మామగారు ప్రాణంలా చూసుకునే నల్ల అంబాసిడర్‌ను రేపల్లెలో పెళ్లికని తీసుకెళ్లి, తలుపు మీద జానెడు గీత తెచ్చాను. కొత్త అల్లుడిగా నాకున్న పరువల్లా ఆ కారు తాళమే. ఇంటికి పోకుండా నేరుగా పెయింటరుగారి దగ్గరికెళ్లాను.

దారిలో నేను కొన్న నల్లరంగు డబ్బా ఆయన పక్కన పెట్టేశారు. "ఇది వేస్తే ఇట్టే దొరికిపోతారండి. మీ కారు పదేళ్లు ఎండలో తిరిగింది. రంగుకీ వయసు కలపాలి బాబూ." చిటికెడు తెలుపు కలపడం, ఎండలో పోల్చి చూడటం, సాయంత్రం దాకా అదే పని.

మర్నాడు మామగారు కారు చుట్టూ తిరిగి, సరిగ్గా ఆ తలుపు దగ్గరే ఆగారు. ఆ రంగు మెరుపులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నారు.

"ఆదివారం బాపట్లకి కూడా తీసుకెళ్లండి, అల్లుడుగారూ" అన్నారు.