ఫ్రీజర్‌లో సున్నుండ

మా నాన్న దృష్టిలో మనుషులు రెండు రకాలు: పెన్షన్ వచ్చేవాళ్ళు, పాపం, రానివాళ్ళు. అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా ఇంటికి వచ్చిన వారానికే పక్కింటాయన మొదటి రకమని తేల్చేశారు. డెబ్బైల్లో పెద్ద లీగ్‌లో ఫుట్‌బాల్ ఆడిన మనిషి మరి! రెండు మోకాళ్ళూ అరిగిపోయినా రోజూ హార్డ్‌వేర్ షాపులో నిలబడి పనిచేసేవారాయన.

"పెన్షన్ ఉండగా ఉద్యోగమెందుకమ్మా? టైంపాస్ అయ్యుంటుంది," అనేవారు నాన్న.

రెండువేల పదకొండు వేసవిలో లీగ్‌కీ ఆటగాళ్ళకీ గొడవ సర్దుకుని కొత్త ఒప్పందం కుదిరింది. పాతవాళ్ళ పెన్షన్ పెంచుతున్నారని టీవీలో చెప్పగానే నాన్న సోఫాలోంచి లేచారు. మా ఊళ్ళో డి.ఏ. పెరిగిన రోజు పెన్షనర్లు ఒకరింటికొకరు స్వీట్లు పట్టుకెళ్తారు. ఆ అలవాటు విమానమెక్కి ఇక్కడికీ వచ్చింది. అమ్మ చేత సున్నుండలు చుట్టించి, డబ్బా పట్టుకుని బయల్దేరారు.

"ఆగు నాన్నా, ఆయనకి వస్తుందో లేదో కనుక్కుందాం."

"ఆడినాయనకి రాక చస్తుందా? నువ్వు నడు."

పక్కింటాయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "కంగ్రాచ్యులేషన్స్ సార్! మీ పెన్షన్ పెరిగింది!" అన్నారు. ఆయన డబ్బా కేసీ నాన్న కేసీ చూసి పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వరండాలో కూర్చోబెట్టి ఆయనే చెప్పారు. ఆయన కాలంలో నాలుగు సీజన్లు ఆడితేనే పెన్షన్. మూడు ఆడాక మోకాలు పోయింది. తర్వాత రూలు మార్చి మూడు చాలన్నారు, కానీ అది ఆ తర్వాత ఆడినవాళ్ళకే. ఇప్పుడు పెంచిందేమో ఇదివరకే అర్హత ఉన్నవాళ్ళకి. ఆ పెన్షనే వస్తే షాపు మానేసి మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుందామని ఆయన ఆశ.

నేను తెలుగులో చెప్తుంటే నాన్న ముఖం ఎర్రబడింది. "అదేం దిక్కుమాలిన రూలమ్మా! అప్పటి మోకాలు మోకాలు కాదా?"

నాన్న సిగ్గుపడి డబ్బా వెనక్కి తీసుకోబోతే ఆయన ఇవ్వలేదు. ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, వెంటనే ఇంకోటి అందుకున్నారు. ఒక్కటి మాత్రం విడిగా తీసి పెట్టారు. "ఇది రూలు మారిన రోజు తింటాను."

నాన్న ఇండియా వెళ్ళాక ఫోన్ చేస్తే మనవరాలి సంగతి తర్వాత, ముందు ఇదే.

"ఏమ్మా, రూలు మారిందా?"

"లేదు నాన్నా."

"థూ!"

రెండేళ్ళ తర్వాత, ఓ చలికాలం, పక్కింటాయన మోకాలు వాచి లేవలేకపోయారు. సూప్ ఇద్దామని వెళ్తే ఐస్ ప్యాక్ తెచ్చిపెట్టమన్నారు. ఫ్రీజర్ తెరిచాను. ఐస్ ప్యాక్‌ల పక్కనే, రేకు కాగితంలో చుట్టి, సున్నుండ. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. సున్నుండ సంగతి చెప్పాను.

"తినేయమనమ్మా. రూలు మారితే కొత్తవి నేను పట్టుకొస్తా."

మర్నాడు ఐస్ ప్యాక్ మార్చడానికి వెళ్ళి ఆ మాట చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఐస్ ప్యాక్‌లు కాస్త దూరంగా జరిపి పెట్టమన్నారు, ఉండ నలిగిపోకుండా.