బాబా తుపాకీ, నా ఇకామా

సౌదీలోని జిజాన్‌లో నేను ఏళ్ల తరబడి తుడిచిన తుపాకీ పేలగా ఒక్కసారీ వినలేదు. ఆ ఇంట్లో తూటా అన్నదే లేదు. ఒకప్పుడు అది తుర్కీ సైన్యానిది. ఆ సైన్యం దేశం విడిచిపోతున్నప్పుడు తన తండ్రి చేతికి వచ్చిందని మా కఫీల్ తండ్రి చెప్పేవారు. కఫీల్ అంటే మన వీసాకు పూచీ పడే యజమాని. ఎలా వచ్చిందనే దానికి మాత్రం రోజుకో కథ. ఒకనాడు కొన్నది, ఒకనాడు గుంజుకున్నది. ఆయనకు ఒంట్లో బాగాలేని రోజుల్లో అయితే, తుర్కీవాడే ఏడుస్తూ చేతిలో పెట్టి పోయినది. ఆ పెద్దాయనను ఇంట్లో పనిచేసేవాళ్లమంతా బాబా అని పిలిచేవాళ్లం.

నిజానికి నేను ఆయన కొడుకు నడిపే రంగులు, పైపుల దుకాణంలో పనివాణ్ని. శుక్రవారం సెలవు గనక ఇంటికి పిలిపించి తుపాకీ తుడిపించుకునేవారు. తర్వాత నితాఖత్ అనే కొత్త చట్టం వచ్చింది. దుకాణంలో సౌదీలు ఇంతమంది ఉండాలన్నారు. కొడుక్కి అలాంటివాళ్లు దొరకలేదు, దుకాణం సర్కారు లెక్కలో ఎరుపు జాబితాలో పడింది. ఎరుపులో పడ్డ దుకాణం పనివాళ్లకు ఇకామా, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, గడువు తీరితే మళ్లీ ఇవ్వరు. దానిమీద పనివాడికి ఇంతని సర్కారుకు కట్టే లెవీ ఒకటి. కొడుకు విసిగిపోయి దుకాణం మూసేశాడు, అందరినీ ఖురూజ్ ముద్ర కొట్టించి, మళ్లీ రాకుండా ఇళ్లకు పంపేస్తానన్నాడు. అప్పుడు బాబా అడ్డుపడ్డారు.

"వీణ్ణి పంపితే తుపాకీ ఎవడు చూస్తాడు?"

అలా నన్ను ఇంటి పనివాడిగా మార్చారు. ఇంటి పనివాడికి లెవీ లేదు. నాతోపాటు దుకాణంలో పనిచేసిన జగిత్యాల మనిషి పెట్టె సర్దుకుంటూ నవ్వాడు.

"మనకంటె గా తుపాకే నయం రా. దాని కాయిదాలన్న సక్కగున్నయి. నువ్వు దాన్ని ఇడువకు, గట్టిగ పట్టుకో."

వాడు వేళాకోళానికి అన్నా మాట అబద్ధం కాదు. తుపాకీ ఆ గోడ మీద ఉన్నన్నాళ్లే నేను ఆ దేశంలో ఉంటాను. అది పోతే కొడుకు నన్ను మరునాడే విమానం ఎక్కిస్తాడు. మా పెద్దవాడు ఇంజనీరింగ్‌లో చేరి ఏడాదే అయింది. వాడి చదువు పూర్తయ్యేదాకా నేను తిరిగి రాకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం.

జిజాన్ గాలి ఇనుముకు పడదు. సముద్రం పక్కనే ఉంది, గాలిలో ఉప్పు. పది రోజులు చూడకుండా వదిలేస్తే గొట్టం మీద ఎర్రగా పొక్కులు లేస్తాయి. ఉత్త చేత్తో ముట్టుకున్నా చెమట అచ్చు పడి, అక్కడే తుప్పు మొదలవుతుంది. అందుకని అతిథులు వచ్చి చేతుల్లో తిప్పి చూసి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ తుడిచేవాణ్ని. సన్నటి కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టం లోపలికి తోసేవాణ్ని. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా ఆ పని ఆగదు. తర్వాత పలచగా నూనె. మొదట్లో ఒకసారి నూనె అయిపోయి, నా కొబ్బరినూనె సీసాలోంచి రెండు చుక్కలు రాశాను. బాబా వాసన చూసి, "ఇది నా తుపాకీనా, నీ తలా?" అన్నారు. మజ్లిస్‌లో, అతిథుల గదిలో, కూర్చున్నవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆయన పరీక్ష ఒకటే. తలగుడ్డ కొస తీసి గొట్టాన్ని తుడుస్తారు. గుడ్డకు మరక అంటితే తుపాకీ తిరిగి నా చేతికి వస్తుంది. మరక అంటడం మానేసి చాలాకాలమైంది. చెక్క నల్లగా మెరిసేది, దానికి చుట్టిన వెండి కట్లు తళతళలాడేవి. కడుపు కోసం చేసిన పనే అయినా, దాన్ని చూస్తే నాకు గర్వంగా ఉండేది.

ఆ మెరుపే నా కొంప ముంచబోయింది.

బాబా భార్య తరఫు చుట్టం ఒకాయన కొండల మీద ఊరి నుంచి వచ్చాడు. మజ్లిస్ నిండా జనం. ఆయన గోడ మీంచి తుపాకీ దింపించి ఒడిలో పెట్టుకున్నాడు. మాషా అల్లా అని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. కొత్తదానిలా ఉందన్నాడు, తన జన్మలో ఇలాంటిది చూడలేదన్నాడు, మళ్లీ మళ్లీ నిమిరాడు. అక్కడి మర్యాద ఒకటుంది. అతిథి ఒక వస్తువును అంతగా మెచ్చుకుంటే ఇంటాయన అది ఇచ్చేయాలి.

"నీదే," అన్నారు బాబా.

నేను అరబ్బు కాఫీ గావా కెటిల్‌తో మూలన నిలబడి ఉన్నాను. చుట్టం కంగారుపడి వద్దన్నాడు. బాబా వినలేదు. అంతమంది ముందు అన్న మాట ఆయన వెనక్కి తీసుకోలేరు. ఆ సంగతి చుట్టానికీ తెలుసు. పాపం, ఆయన మంచివాడు. పెద్దాయన పరువు పోకుండా బయటపడే దారి ఒకటి వెతికాడు.

"నా దగ్గర దీన్ని చూసే మనిషి లేడు. మా ఇంట్లో తుప్పు పట్టిపోతుంది. ఇక్కడే ఉండనివ్వండి."

బాబా ఆ దారి కూడా మూసేశారు. గడ్డంతో నా వైపు చూపించి, "చూసే మనిషిని కూడా తీసుకెళ్లు," అన్నారు.

వెళ్తావా అని నన్నెవరూ అడగలేదు. అడగలేదన్న బాధ అప్పుడు కలగలేదు కూడా. ఖురూజ్ తప్పింది, కఫాలా చుట్టం పేరు మీదికి మారుతుంది, పెద్దవాడి చదువు ఆగదు. నాకు కలిగింది సంతోషమే. ఆ సంతోషంలో చుట్టం ఫింజాన్ కప్పు నిండా గావా పోసేశాను. అక్కడ అడుగున కొంచెమే పోయాలి. నిండా పోస్తే తాగి లేచి పొమ్మన్నట్టు. "అప్పుడే బయలుదేరదీస్తున్నాడు!" అని ఎవరో అన్నారు. మళ్లీ అందరూ నవ్వారు. బాబా నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను.

"కఫీల్ మారుతుండు. ఇగ రందిలేదు," అన్నాను.

"మంచిగైంది పో. ఎట్ల దొరికిండు?" అంది నా భార్య.

"పెద్దాయన సుట్టమే. నా పని జూసి అడిగి తీస్కుంటుండు."

"జూసినవా, నీ చేతి పనికి ఎంత ఇలువున్నదో!"

ఆఁ అన్నాను. తుపాకీ మీద కొసరుగా వెళ్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ పెట్టేశాక, మజ్లిస్‌లో కలగని బాధ అప్పుడు కలిగింది.

నా కాగితాలు ముందే వచ్చాయి. తుపాకీ లైసెన్సు చుట్టం పేరు మీదికి మారడం ఆలస్యమైంది. అది వచ్చేదాకా నన్ను పంపలేదు.

చివరికి చుట్టం కారు తెచ్చాడు. బాబా గడప దాటి రావడం అప్పటికే మానేశారు, ఆ రోజు కర్ర పట్టుకుని కారు దాకా వచ్చారు. తుపాకీని డిక్కీలో పెట్టనివ్వలేదు. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, తుపాకీ నా ఒడిలో అడ్డంగా పెట్టించారు. కిటికీలోంచి చెయ్యి పెట్టి చెక్కను నిమిరారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"తడి చేత్తో ముట్టుకోకు," అన్నారు నాతో.

కారు కదిలాక ఆయన చెయ్యి ఎత్తారు. ఎవరి కోసం ఎత్తారో నాకు తెలియదు. తుపాకీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నేనే ఊపాను.