పల్పిట్ మీద నేను మోపిన బరువు

ఆ వయసులో నాకు ఇంగ్లీషు వచ్చన్న గర్వం ఎంతగా ఉండేదంటే, ఎవరైనా తెలుగులో అడిగినా ఒక క్షణం ఆలోచించి జవాబిచ్చేదాన్ని. రాయగడలో డిగ్రీ చదువుతూ సెలవులకి మా ఊరు బిస్సమ్ కటక్ వచ్చిన పందొమ్మిదేళ్ళ పిల్లని. మా చర్చిని వెనకటికెవరో దొరగారు తన దేశపు పాత పల్లెటూరి చర్చిని తలుచుకుని కట్టించారట: మూరెడు మందం రాతిగోడలు, మొన తేలిన ఆర్చీలు, సన్నటి కిటికీలు, బాప్తిస్మానికి రాతి తొట్టి. వీటన్నిటి మధ్యా ఏడు మెట్ల సాలచెక్క పల్పిట్. ప్రసంగం చెప్పడానికి పాస్టరుగారు దాని మీదికెక్కితే పైకప్పులోంచి దిగివచ్చినట్టే ఉండేది. దాని చుట్టూ ద్రాక్షగుత్తులు చెక్కమన్నారట గానీ, చెక్కినాయన ద్రాక్షపళ్ళు చూసిన మనిషి కాడు. అందుకని తీగ నిండా ఇప్పకాయలు కాశాయి.

ఆ పల్పిట్‌ని తీసేసి తెర కట్టి, పాటల మాటలు దాని మీద చూపించాలని కమిటీ సెక్రటరీ అయిన మా మావయ్య తీర్మానించాడు. నాకు గుండె జారింది. (భక్తి వల్ల కాదు. ఆ పల్పిట్ చాటున మూడో బెంచీలో కూర్చుంటే వేరుశనక్కాయలు తిన్నా పాస్టరుగారికి కనబడదు.) కానీ ఆ ఇప్పకాయల తీగని వేళ్ళతో తడుముతూ పెరిగినదాన్ని కనక, దిగులు పూర్తిగా శనక్కాయల గురించే అనడం కూడా అబద్ధమే.

సరిగ్గా ఆ వారంలోనే పాత చర్చీలు చూస్తూ తిరిగే ఇంగ్లండు పెద్దమనిషి ఒకాయన మా ఊరొచ్చాడు. ఆయన చూసి సరేనంటే సోమవారం వడ్రంగిని పిలుస్తానన్నాడు మావయ్య. ఆఫీసులో మావయ్య ఇంగ్లీషుకి తిరుగులేదు గానీ, ఆ పెద్దాయన యాస ముందు అది చతికిలబడింది. దాంతో తర్జుమా పని నాకొచ్చింది. రిటైరైన నర్సు మా అత్త మాత్రం రెండో బెంచీలో కళ్ళు మూసుకుని కూర్చుంది.

పెద్దాయన గోడలు తట్టాడు, తొట్టి లోపలికి తొంగి చూశాడు, పల్పిట్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తమ దేశంలో వందల ఏళ్ళనాటి పల్లె చర్చీలు ఇలాగే ఉంటాయన్నాడు. ఈ పల్పిట్ మాత్రం తర్వాత తెచ్చి పెట్టింది, గోడకి అతుకే లేదు, తీసేస్తే పైనున్న ఆర్చి అందం బాగా కనిపిస్తుందన్నాడు.

"ఏటంతన్నాడమ్మీ?" అన్నాడు మావయ్య.

నేను గొంతు సవరించుకున్నాను. "ఆర్చి బరువంతా పల్పిట్ మీదే ఉందట మావయ్యా. కదిపితే కూలిపోవచ్చట."

మావయ్య పైకి చూసి, నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేశాడు. పెద్దాయన ఏమీ తెలియక చిరునవ్వు నవ్వాడు. వడ్రంగి రాలేదు.

అంతా వెళ్ళాక అత్త కళ్ళు తెరిచింది. "తెల్ల డాక్టరమ్మల దగ్గర ముప్పయ్యేళ్ళు పని సేసేనే. ఆయన ఏటన్నాడో నాకూ ఇనబడింది."

"మరి చెప్పలేదేం అత్తా?"

"దాని నీడలోనే కదే నాను కునుకు తీసేది" అంది.

ఇద్దరం గెలిచామనుకున్నాం. ఆదివారం పాస్టరుగారు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఆర్చివంక చూసి, కాలు తీసేశారు. ఆ రోజునుంచీ కిందే, సరిగ్గా మా బెంచీల మధ్య నిలబడి ప్రసంగం చెప్పసాగారు. నా శనక్కాయలు పోయాయి, అత్త నిద్రా పోయింది.

"కూసింత తేలికపాటి అబద్ధం దొరకలేదేటే నీకు?" అని అత్త చాలాకాలం సాధించింది.

ఇప్పుడు రాయగడలో పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను. తర్జుమాలో తప్పు రాస్తే ఎర్ర సిరాతో చుట్టేస్తాను. మొన్న ఊరెళ్ళినప్పుడు, చర్చి చూడవచ్చిన కుటుంబానికి మావయ్య పల్పిట్ తడుతూ, ఆర్చిని అది ఎలా మోస్తోందో వివరిస్తున్నాడు. వాళ్ళు వెళ్ళాక ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. తిట్లకి సిద్ధపడే నిలబడ్డాను.

మావయ్య ఆర్చిని చూశాడు, నన్ను చూశాడు.

"ఇన్నాళ్ళూ ఊరందరికీ సెప్పుకుంటూ వచ్చేనమ్మీ" అన్నాడు చివరికి. "ఇప్పుడది తీస్తే ఆర్చి పడిపోదు గానీ, నాను పడిపోతాను. నోరు మూసుకో."

క్షమాపణ అడగబోయినదాన్ని, ఆ పాత అబద్ధానికి ఇంకో మనిషిని కాపలా పెట్టి, నవ్వాపుకుంటూ బస్సెక్కాను.