వాగు దాటే బండికి కమాన్లు

నా ఉద్యోగ జీవితంలో చివరి పోస్టింగు ఖమ్మం. పదవీ విరమణకు ఇంకా రెండు సంవత్సరాల నాలుగు నెలలు ఉండగా, మే నెల మూడవ వారంలో, ప్రభుత్వ వాహనాల మరమ్మతు కేంద్రంలో డిప్యూటీ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించాను. డిప్యూటీ ఇంజనీరు స్వయంగా పానా పట్టడు. ఏ బండికి ఏ పని జరగాలో నిర్ణయిస్తాడు. జరిగిన పని సరిగా ఉన్నదని సంతకం చేస్తాడు. ఆ సంతకం లేనిదే బండి గేటు దాటరాదు. ముప్పై రెండు సంవత్సరాల సర్వీసులో ఈ నియమాన్ని నేను ఒక్కసారి కూడా సడలించలేదు. దీనిని గురించి నా వెనుక సిబ్బంది ఏమనుకునేవారో నాకు తెలుసు. అది ఇక్కడ అప్రస్తుతం.

చేరిన రెండవ రోజునే నా బల్లమీదికి ఒక పికప్ బండి ఫైలు వచ్చింది. భద్రాచలం అవతల, అడవిలో, ఒక వాగుకు ఆవలి ఒడ్డున ఐదు గూడేలున్నాయి. తారు రోడ్డు ముగిసిన చోటి నుంచి చివరి గూడేనికి పదకొండు కిలోమీటర్లు. దారి అంతా రాళ్లు, గుంతలు, నడుమ వంతెన లేని వాగు. వాగు పొంగితే రెండు మూడు నెలల వరకు ఏ బండీ దాటలేదు. అందువల్ల వానాకాలానికి కావలసిన బియ్యం, పప్పు, నూనె, మందులు ముందే చేరవేయాలి. ఆ పనికి కేటాయించిన ఈ పికప్‌కు, క్రితం సంవత్సరం ఒక్క సీజనులోనే వెనుక కమాన్లు మూడుసార్లు విరిగాయి. మూడవసారి సరిగ్గా వాగు నడుమ విరిగాయి. చివరి గూడెం వాళ్లు బియ్యం బస్తాలను నెత్తిమీద మోసుకొని పోయారు. సగం బియ్యం తడిసిపోయాయి. ఈ ఏడు అట్లా జరగరాదని పై అధికారి ఉత్తర్వు.

అదే చివరి గూడెంలో జోగమ్మ అనే ఆమెకు ఎనిమిదవ నెల నడుస్తున్నదనీ, ఆమెకు రక్తపోటు ఎక్కువగా ఉన్నదనీ, వాగు పొంగకముందే ఆమెను భద్రాచలం దవాఖానాకు చేర్చవలసి ఉన్నదనీ, అందుకు ఆ దారిలో నడవగల బండి ఇదొక్కటేననీ ఫైలులో లేదు. ఆ సంగతి నాకు మూడు వారాల తరువాత తెలిసింది.

కమాన్ అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. విల్లులా వంచిన ఉక్కు పట్టీలను పొడవు వారీగా ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ ఒక బోల్టు దించి, ఇరుసుకు బిగిస్తారు. ఆ కట్టే కమాన్. బండి బరువంతా దానిమీదనే ఉంటుంది. చక్రం గుంతలో పడినప్పుడు పట్టీలు వంగి ఆ దెబ్బను మింగుతాయి. అవి తిరిగి పైకి ఎగదన్నకుండా ఆపేవి షాక్ అబ్జార్బర్లు.

విరిగిన పట్టీలను తెప్పించి చూశాను. మూడుసార్లూ నడిమి బోల్టు రంధ్రం దగ్గరే విరిగాయి. పట్టీ అక్కడ విరిగిందంటే, ఇరుసుకు బిగించే యూ-బోల్టులు వదులైనట్టు లెక్క. కొత్త కమాన్ వేసిన తరువాత బండి కొంత దూరం తిరిగాక ఆ బోల్టులను మళ్లీ బిగించాలి. ఎవరూ బిగించలేదు. దానికి తోడు, రాళ్ల దారిలో ఒక్కొక్కసారి బరువంతా ఒకే చక్రంమీద పడుతుంది. ఈ రెండూ లెక్కలోకి తీసుకొని, వెనుక ఒక్కొక్క కమానుకు రెండు మందపాటి పట్టీలు అదనంగా, పొడవైన యూ-బోల్టులు, కమాన్ కొసల్లో కొత్త రబ్బరు బుష్‌లు, గట్టి షాక్ అబ్జార్బర్లు వేయాలని నిర్ణయించాను. పట్టీలు పెంచినంత మాత్రాన బండి మోయదగిన బరువు పెరగదు. అది రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసి ఉన్నంతే. యాభై కిలోల బస్తాలు ఇరవై నాలుగు. ఇరవై ఐదవది ఎక్కించరాదని డ్రైవరుకు లిఖితపూర్వకంగా తెలియజేశాను.

బండి ఎట్లా నడుస్తున్నదో తెలుసుకోవడానికి లాగ్ బుక్కు కూడా పరిశీలించాను. పోయేటప్పుడు ప్రతిసారీ నిండు లోడు. వచ్చేటప్పుడు ప్రతిసారీ ‘ఖాళీ’. ఆ పుస్తకం చక్కని దస్తూరీతో, కొట్టివేతలు లేకుండా ఉన్నది. నాకు తృప్తి కలిగింది. ఖాళీ బండికి కమాన్లతో పనేమిటి? లెక్కంతా నిండు లోడుకే వేశాను.

మా కేంద్రంలో కమాన్ పని యాకూబ్‌ది. ముదిగొండ మనిషి, నా ఈడువాడు. నా నక్షా చూసి గడ్డం గోక్కున్నాడు.

“చేస్త సార్. మీరు చెప్పినట్టే చేస్త. కని గిది లారీ గాదు సార్, పికప్పు. ఇంత గట్టిగ ఎందుకు? పైన హెల్పర్ పట్టీలు ఏస్తే ఐపోతది గద.”

నేను లెక్క చూపించాను. ఆయన లెక్క వైపు చూడలేదు, నా వైపు చూశాడు. “అవ్ సార్,” అని పని మొదలుపెట్టాడు. పని ఎంత శుభ్రంగా చేశాడంటే, వేలెత్తి చూపడానికి చోటు లేదు. సంతకం చేశాను.

జూన్ రెండవ వారంలో మొదటి లోడుతో నేనూ వెళ్లాను. డ్రైవరు వెంకన్నది పెనుబల్లి. నలభై ఏళ్ల మనిషి, మాటకారి. ఇరవై నాలుగు బస్తాలతో బండి రాళ్లమీద ఏనుగులా నడిచింది. వాగులో ఇసుకనూ గుండ్రాళ్లనూ ఒకే వేగంతో దాటింది. వెంకన్న స్టీరింగు మీద అరచేత్తో తట్టి, “బరువుకైతే మస్తుగుంది సార్, మాట లేదు,” అన్నాడు. ఆ వాక్యంలో ‘బరువుకైతే’ అన్న మాటను నేను పట్టించుకోలేదు.

చివరి గూడెంలో బస్తాలు దించేసరికి, నర్సు సుగుణ అక్కడ సిద్ధంగా ఉన్నారు. ఐదు గూడేలకూ ఆమె ఒక్కరే నర్సు. పక్కన జోగమ్మ, చేతిలో బట్టల సంచి. ఆమెను ఈ బండిలోనే దవాఖానాకు తీసుకుపోవాలని సుగుణ ముందే నిశ్చయించుకున్నారన్న మాట. సుగుణ బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనుక తలుపుమీద రెండు చేతులు పెట్టి బలంగా నొక్కారు. బండి కదలలేదు.

“ఏంది సార్ గిది? బండరాయి లెక్క చేసిండ్రు!”

వెంకన్నను గూడెం చివరిదాకా ఖాళీగా నడిపి రమ్మన్నారు. అతడు నడిపాడు. చిన్న గుంత వచ్చిన ప్రతిసారీ బండి వెనుక భాగం గాలిలోకి లేచి పడింది. అరుగుమీద కూర్చున్న కోయ పెద్దలు తమ భాషలో ఏదో అనుకొని నవ్వారు. ఏమన్నారని వెంకన్నను అడిగాను.

“ఏం లేదు సార్. తాడు తెంపుకున్న కోడెదూడ లెక్క ఎగురుతున్నదంటున్నరు.”

సుగుణ జోగమ్మ చేతిలోని సంచి తీసుకొని, ఆమెను తిరిగి ఇంటి వైపు మళ్లించారు. “గీ బండిల నేను ఆమెను ఎక్కియ్య. ఎడ్లబండే నయం. కని ఎడ్లబండి మీద ఐదు గంటలు ఆమె కూసోలేదు.”

ఇది సరుకుల బండి అనీ, మనుషులను ఎక్కించరాదనీ, లాగ్ బుక్కు ప్రకారం తిరుగు ప్రయాణంలో ఇది ఎప్పుడూ ఖాళీయేననీ నేను చెప్పాను.

“ఖాళీనా?” ఆమె పెద్దగా నవ్వారు. “ఏ దినం ఖాళీగ పోయింది సార్ గిది? జ్వరమొచ్చినోళ్లు గిండ్లనే, నెలలు నిండినోళ్లు గిండ్లనే, హాస్టలుకు పోయే ఆడపిల్లలు గిండ్లనే. అంబులెన్సు తారు రోడ్డు దాటి రాదు గద!”

వెంకన్న ఆకాశంలోకి చూస్తున్నాడు. పుస్తకంలో ఖాళీ అని ఎందుకు రాశావని అడిగాను.

“మనుషులని రాస్తే మెమో ఇస్తరు సార్.”

ఎవరిస్తారని అడిగాను.

“మీరే, సార్.”

అది నిజం. తప్పకుండా ఇచ్చి ఉండేవాణ్ణి.

సుగుణ అంతటితో వదలలేదు. పోయేటప్పుడు తాను ముందు కూర్చుంటాననీ, నన్ను వెనుక కూర్చోమనీ అన్నారు. “ఒక్కపారి మీరే సూడుండ్రి సార్. బాగుంటే రేపే పంపిస్త జోగమ్మను.” పరీక్ష సమంజసమైనదే కనుక అంగీకరించాను. స్టెప్నీ టైరుమీద తువ్వాలు పరచుకొని కూర్చున్నాను. మొదటి అర కిలోమీటరులోనే నా హోదా, నా వయస్సు, నా చేతిలోని కొలతల పుస్తకం మూడూ మూడు దిక్కులకు ఎగిరాయి. పుస్తకం మాత్రం దొరికింది. ప్రతి గుంత తరువాత సుగుణ వెనుక అద్దంలోంచి తిరిగి చూసి, “సార్, మంచిగున్నదా?” అని అడిగారు. రెండుసార్లు జవాబిచ్చాను. మూడవసారికి నాలుక కరచుకొన్నందున చేయి ఊపాను. తారు రోడ్డు చేరేసరికి నేను బండిలో కూర్చోలేదు, రెండు పక్కలా పట్టుకొని వేలాడుతున్నాను.

లోపం ఎక్కడున్నదో చెప్పడానికి అప్పుడు కాగితం అక్కరలేదు. టన్నుకు పైగా బరువుకు వంగేటట్టు కట్టిన కమాన్, నలుగురు మనుషుల బరువుకు వంగనే వంగదు. వంగని కమాన్ దెబ్బను మింగదు. ఉన్నదున్నట్టుగా పైకి పంపుతుంది. యాకూబ్ చెప్పినదే సరి. సుగుణను ఎంత వ్యవధి ఉన్నదని అడిగాను. కొండలమీది మబ్బు వైపు చూసి, “నాలుగు దినాలు సార్. ఆ తర్వాత వాగు మన మాట వినదు,” అన్నారు.

మరునాటి ఉదయం బండి ఖమ్మంలో ఉన్నది. అదనపు పట్టీలు తీసివేసి, పైన హెల్పర్ పట్టీలు వేయాలని యాకూబ్‌కు చెప్పాను. సరుకు తెప్పించడానికి ఎంతకాలం పడుతుందని అడిగాను.

“మొన్ననే తెప్పించి పెట్టిన సార్.”

ఎందుకని అడిగాను.

“మీరు వాపస్ వస్తరని.”

నేను ఇండెంటుమీద సంతకం చేశాను. 

హెల్పర్ పట్టీ అసలు కమానుకు పైన ఉంటుంది. దాని రెండు కొసలకు ఎదురుగా బండి చట్రానికి, అంటే చాసిస్‌కు, రెండు దిమ్మలు బిగిస్తారు. బండి తేలికగా ఉన్నప్పుడు కొసకూ దిమ్మకూ నడుమ సందు ఉంటుంది. అసలు కమాన్ ఒక్కటే మెత్తగా పనిచేస్తుంది. బరువు పెరిగి బండి కిందికి దిగినప్పుడు కొసలు దిమ్మలకు తగిలి, హెల్పర్ కూడా భుజం కలుపుతుంది. ఈసారి కాగితాన్ని నమ్మలేదు. బస్తాలు తెప్పించి ఒక్కొక్కటిగా ఎక్కించి కొలిచాను. ఖాళీగా రెండు వేళ్ల సందు. పన్నెండవ బస్తాకు కొస దిమ్మను తాకింది. ఇరవై నాలుగుకు రెండూ కలిసి మోశాయి. షాక్ అబ్జార్బర్లు కూడా ఒక మెట్టు మెత్తనివి వేయించాను. వెనుక ఎత్తు మారితే, బరువునుబట్టి వెనుక బ్రేకుకు ఒత్తిడి పంపే కవాటం మోసపోతుంది. దాని కడ్డీని కూడా సరిచేయించాను. ఇది చాలామంది మరచిపోయే పని.

యాకూబ్ ఆ పనిలో ఉండగా నేను పై అధికారి దగ్గరికి వెళ్లాను. అత్యవసర వైద్యానికి, నర్సు వెంట ఉన్నప్పుడు, రోగులను తారు రోడ్డు వరకు తీసుకురావడానికి అనుమతి కోరుతూ ఒక పేజీ రాసి ఇచ్చాను. బండి లోపలి పక్కకు బిగించిన బల్ల, బెల్టులు, పైకప్పు ఉండాలని నేనే షరతులు రాశాను. ఆయన చదివి, మీరేనా ఇది అడుగుతున్నదని రెండుసార్లు అడిగి, సంతకం చేశారు. ఆ ఉత్తర్వు నకలు వెంకన్న చేతిలో పెట్టి, ఇకమీదట ఎక్కినవారందరి పేర్లూ రాయాలని ఆదేశించాను. అతడు దానిని రెండు మడతలు పెట్టి జేబులో దాచుకొని, “ఇగ వాళ్లు ఎంట తెచ్చుకునే కోళ్ల పేర్లు గూడ రాయాల్నా సార్?” అన్నాడు. కోళ్లు ఉత్తర్వులో లేవని చెప్పాను.

నాలుగవ రోజు ఉదయం సన్నని వాన. వాగు మోకాలు లోతుకు వచ్చింది. ఇరవై నాలుగు బస్తాలతో దాటాము. చివరి గూడెంలో సరుకు దిగగానే సుగుణ మళ్లీ వెనుక తలుపుమీద చేతులు పెట్టి నొక్కారు. బండి నెమ్మదిగా దిగి, నెమ్మదిగా లేచింది. ఆమె జోగమ్మ సంచి తెచ్చి బండిలో పెట్టారు.

నేను వెనుక బల్లమీద, వారిద్దరికీ ఎదురుగా కూర్చున్నాను. బండి గుంతల్లోకి దిగి లేస్తూ పోయింది. మేము దానితో కొద్దిగా ఊగాము, అంతే. వెంకన్న మాత్రం భయంతో నడక వేగానికి మించనివ్వలేదు. ప్రతి రాయి దగ్గరా ఆగి, చూసి, కదిలించాడు. సగం దారి వచ్చాక, అప్పటివరకు ఒక్క మాట మాట్లాడని జోగమ్మ సుగుణ భుజం తట్టింది.

“సిస్టరమ్మా, జల్దీ పొమ్మను. గిట్ల పోతే తొవ్వలనే పిల్ల పుడతది.”

సుగుణ పడీపడీ నవ్వారు. ఆ మాటను నేనే కిటికీలోంచి వెంకన్నకు చేరవేశాను. వేగం పెరిగింది. వాగులో నీరు అప్పటికి చక్రాల నడిమిదాకా వచ్చి ఉన్నది. దాటాము. తారు రోడ్డుమీద అంబులెన్సు వేచి ఉన్నది. తొమ్మిది రోజుల తరువాత భద్రాచలంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమమని వెంకన్న ఫోను చేశాడు. ఈలోగా వాన తెరపిచ్చి వాగు కొంత తగ్గినప్పుడు మిగిలిన లోడ్లన్నీ పూర్తయ్యాయి. ఆ సీజనులో ఒక్క పట్టీ విరగలేదు. యూ-బోల్టులను ఎప్పుడెప్పుడు మళ్లీ బిగించారో, ఎవరు బిగించారో పేర్లతో సహా నా దగ్గర నమోదై ఉన్నది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి చెప్పదగినవి రెండు. బండి ఎంత మోయగలదన్నది సగం ప్రశ్న మాత్రమే. బరువు దించిన తరువాత ఎట్లా నడుస్తుందన్నది మిగతా సగం. రెండింటికీ జవాబు లేనిదే కమాన్ పనికి సంతకం చేయరాదు. రెండవది, నిజం రాసినవాడికి శిక్ష పడుతుందంటే పుస్తకాలు శుభ్రంగా ఉంటాయి, పనికిరావు. ఆ సంఘటన తరువాత పదవీ విరమణ వరకు, కమాన్ పని జరిగిన ప్రతి బండిలోనూ, ఖాళీగా, ఆ పని నిర్ణయించిన ఇంజనీరును వెనుక కూర్చోబెట్టి పది కిలోమీటర్లు తిప్పించాను. కొందరు నడుము నొప్పి కారణంగా మినహాయింపు కోరారు. ఇవ్వలేదు.