పెద్దమ్మ ఇచ్చిన కొబ్బరినీళ్లు

మా మార్కాపురం వైపు కిడ్నీ జబ్బంటే అందరూ డాక్టర్లే. ఉప్పు మానెయ్, అరటిపండు ముట్టుకోకు, కొబ్బరినీళ్లు అసలే వద్దు అని కూరగాయలమ్మే ఆమె కూడా చెప్తుంది. నాది ఆ జబ్బు కాదు మొర్రో అని మొత్తుకున్నా వినేదెవరు? మా అమ్మానాయనలది మేనరికం. నాది పుట్టుకతో వచ్చిన లోపం. ఉప్పు, పొటాషియం, మెగ్నీషియం నా కిడ్నీలు నిలుపుకోలేవు, ఒంట్లోంచి పోతానే ఉంటాయి. పొటాషియం మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. అందుకే ఉప్పు బాగా తిను, కొబ్బరినీళ్లు తాగు, మందు మానొద్దు అని ఒంగోలు డాక్టరు చెప్పినాడు.

ఆ ఎండాకాలం అమ్మ కాలు విరిగి మంచాన పడితే, వంటకని పెద్దారవీడు నుంచి పెద్దమ్మ వచ్చింది. పెదనాయన డయాలసిస్ మీద ఉండి చనిపోయినాడు. ఇంకేముంది, ఆమె వచ్చిన రోజే ఊరగాయ జాడీ అటకెక్కింది. పప్పు చప్పిడి, చారు చప్పిడి. నేను తెప్పించుకున్న కొబ్బరి బోండాలు పక్కింటోళ్లకు పంచిపెట్టింది.

"నాకు ఉప్పు కావాలి పెద్దమ్మా!" అని అరిచినాను.

"నాకు చెప్పొస్తున్నావా? మీ పెదనాయన కూడా ఇట్లనే అరిచినాడు" అనింది. నాకు ఒళ్లు మండిపోయింది.

దానికి తోడు వాంతులు పట్టుకున్నాయి. మందు కూడా కడుపులో నిలవలేదు. ఒకరోజు గుండె దడదడలాడి, కళ్లు తిరిగి వంటింటి గడపలో పడిపోయినాను.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి, పొటాషియం, మెగ్నీషియం సెలైన్‌లో ఎక్కించినారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు పెద్దమ్మతో అన్నాడు. ఆమె పెదనాయన జబ్బు సంగతి చెప్పింది. "మీ ఇంటాయనకు పొటాషియం ఎక్కువైంది, ఈమెకు అడుగంటింది. ఆయనకు పడనిదే ఈమెకు కావాలమ్మా" అని విడమరిచి చెప్పినాడు.

వాంతులు తగ్గినాక డాక్టరు కొబ్బరినీళ్లు తాగమన్నాడు. పెద్దమ్మే పోయి తెచ్చింది. గ్లాసులో పోసింది గానీ, నా చేతికి ఇయ్యకుండా అట్లనే నిలబడింది.

"ఆయన దాహం దాహం అని ఏడుస్తుంటే ఓర్చుకోలేక నేనే తాపినా పాపా. రెండు బోండాలు. పొద్దుగూకేలోపల గుండె ఆగిపోయింది."

ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా కోపం ఏమైపోయిందో ఏమో, ఏడుపొచ్చింది. "ఇటియ్యి పెద్దమ్మా" అని గ్లాసు తీసుకుని తాగినాను.

ఆమె పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. నాడి చూడటం ఆమెకు రాదు. అయినా వదల్లేదు. కిటికీ వైపు చూస్తా, పట్టుకునే ఉంది.

పొద్దుగూకింది. నా ముఖం చూసింది.

"ఇంకొకటి తెచ్చేదా?" అనింది.