ప్రూఫు కాగితాల మీద పెన్సిలు రాత

దయ్యం కథ మొదలుపెట్టినవాడి దగ్గర్నించి లేచి వెళ్ళిపోయే రకం నేను. రంగూన్ రేవులో ఇరవై ఏళ్ళకి పైగా సరుకు విడిపించే గుమాస్తాగా పనిచేశాను. సీలు లేని కాగితాన్నీ, సంతకం లేని మాటనీ నమ్మొద్దని ఆ పని నేర్పింది. "ఈడికి దేవుడన్నా బయం లేదు, దెయ్యమన్నా బయం లేదు" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తెలుగు రాత అమ్మే నేర్పింది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఇక్కడి బియ్యం మిల్లులో పనికి వచ్చాడు. చుట్టాలు చాలామంది తర్వాత్తర్వాత తిరిగి వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. రంగూన్ నడిబొడ్డున చౌక్తడా పేటలో, లిఫ్టు లేని పాత మేడలో, మూడో అంతస్తులో, అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాకు పెళ్ళి కాలేదు. సంబంధాలు వచ్చాయి గానీ ఒకదాన్ని ఇంకోదానితో పోల్చుకుంటూ కూచున్నాను. ఈలోగా అమ్మాయిలందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. నా తత్వం అలాంటిది. గొడుగు కొనాలన్నా నాలుగు దుకాణాలు తిరగాలి.

అమ్మ దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. నిండా పాత ఫొటోలు. రంగూన్ వానల సంగతి తెలిసిందే, గోడకి కూడా బూజు పడుతుంది. ఆ ఏడు డబ్బా తెరిచి చూస్తే ఫొటోల మీద తెల్లటి మచ్చలు లేచాయి. ఒక పెళ్ళి ఫొటోలో పెళ్ళికూతురి మొహం సగం పోయింది. అమ్మ దాన్ని చీరచెంగుతో తుడవబోతే మిగతా సగం కూడా చెంగుకి అంటుకుంది. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

ఫొటోలన్నీ స్కాన్ చేయించి ఒక మంచి పుస్తకంగా అచ్చు వేయిద్దామని నేనే అన్నాను. అమ్మ చాలా సంతోషపడింది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆ ఫొటోల్లో ఎవరెవరో చెప్పగలిగిన మనిషి రంగూన్లో ఆవిడొక్కతే.

ఇంక నా గాలింపు మొదలైంది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఊ ఛిట్ అనే పెద్దాయన దుకాణం ఉంది. ఒకప్పుడు శుభలేఖలు అచ్చు వేసేవాడు, ఇప్పుడు ఫొటో పుస్తకాలు చేస్తున్నాడు. మెషీను పాతది. నమూనాలో రంగు కాస్త పసుపుకి తిరిగినట్టు కనిపించింది. కాగితం నాకు పల్చగా అనిపించింది. పైగా ఆయనకొక పద్ధతుంది. ముందు ప్రూఫు కాగితాలు తీస్తాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి పక్కన కూచుని, ఒక్కో ఫొటో చూసి పేరు చెప్పాలి. ఆయన పెన్సిలుతో కింద రాసుకుంటాడు. అది పూర్తయ్యాకే అచ్చు.

"పేర్లు నేనే రాసి తెస్తాను, ఊలే" అన్నాను. ఊలే అంటే బర్మా భాషలో బాబాయి.

"వద్దు, కో రావ్. మొహం చూస్తూ చెప్పిన పేరే నిజమైన పేరు. అమ్మగారినే తీసుకురా" అన్నాడు. కో రావ్ అంటే రావు గారూ అన్నట్టు.

మోకాళ్ళ నొప్పుల మనిషిని మూడంతస్తులు దించి ఎక్కించడం నావల్ల అయ్యే పని కాదనుకున్నాను. చాదస్తం అని కూడా అనుకున్నాను. అయినా పోల్చుకోడానికి ఉంటుందని ఫొటోలున్న పెన్‌డ్రైవు ఆయనకిచ్చి, ప్రూఫులు తీసి ఉంచమని వచ్చేశాను. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు.

నా మనసు సింగపూర్ కంపెనీ ఒకదాని మీద పడింది. మందపాటి కాగితం, బల్లపరుపుగా తెరుచుకునే బైండింగు, గుడ్డ అట్ట. ఫోన్లో అన్నీ తిప్పి తిప్పి చూసేవాణ్ణి. నిగనిగలాడే కాగితమా, మెరుపు లేనిదా? అట్ట నీలమా, మెరూనా? ఇవి తేల్చుకోడానికే నెలలు పట్టాయి. ఎట్టకేలకి ఫొటోలు పంపడం మొదలుపెట్టేసరికి సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది.

ఆ రోజు పొద్దున్న లేస్తే ఫోన్లు పనిచెయ్యలేదు. తర్వాత రాత్రిళ్ళు ఇంటర్నెట్ తీసేశారు. ఆ తర్వాత ఫోన్లలో పూర్తిగానే పోయింది. సైనికులు రాకుండా వీధి చివర కుర్రాళ్ళు ఇసుక బస్తాలు పేర్చారు. రాత్రి ఎనిమిదయ్యేసరికి సైన్యానికి నిరసనగా ఊరంతా గిన్నెలు మోగేవి. అమ్మ కూడా బాల్కనీలో కుర్చీ వేసుకుని ఇత్తడి గిన్నె గరిటెతో బాదేది. గిన్నెకి సొట్టలు పడ్డాయని నేను విసుక్కుంటే ఇంకాస్త గట్టిగా బాదేది.

నేను మాత్రం ఒక స్నేహితుడి ఆఫీసుకి వెళ్ళి, అక్కడ లైను వచ్చినప్పుడల్లా నాలుగేసి ఫొటోలు పంపేవాణ్ణి. సగంలో ఆగిపోయేది. మళ్ళీ మొదటి నుంచి.

ఆ రోజుల్లో అమ్మ రోజూ డబ్బా ఒళ్ళో పెట్టుకుని పిలిచేది. "ఒరే, ఇలా వొచ్చి కూకోరా. నాను పేర్లు సెప్తాను, బేగి రాసీసుకో."

"పుస్తకం రానీ అమ్మా. వచ్చాక ఏ ఫొటో కింద ఆ పేరు చక్కగా రాద్దాం" అనేవాణ్ణి.

"పుత్తకం వొచ్చీదాకా నానుంతానేటి?" అనేది నవ్వుతూ.

ఈ మాట ఆవిడ ఒకసారి కాదు, చాలాసార్లు అంది. నేను తలెత్తలేదు. ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

వానాకాలంలో కరోనా మా వీధిలోకి వచ్చింది. వారంలో మా మేడలోనే ఇద్దరు పోయారు. తర్వాత అమ్మకి జ్వరం. ఊపిరి ఆడడం లేదు. ఆస్పత్రుల్లో చోటు లేదు. ఖాళీ సిలిండరు పట్టుకుని ఊరి చివర ఆక్సిజన్ నింపే చోటికి పోయి వరసలో నిలబడ్డాను. మూడు రోజులు పొద్దున్న వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాను. ఆ మూడు రోజులూ ఎదురింటి డో సాన్ అమ్మ దగ్గర కూచుంది. ఆవిడ రిటైరైన టీచరు, మాస్కు మీద మాస్కు వేసుకుని, భయపడకుండా వచ్చి కూచున్న మనిషి. అమ్మ అప్పటికే మంచం మీద పక్కకి తిరగలేని స్థితిలో ఉంది.

నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ పోయింది. స్వచ్ఛందంగా పనిచేసే కుర్రాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. వీధి మలుపు వరకూ వెనకాల నడిచాను, అంతే.

తర్వాత ఎప్పుడో లైను వచ్చినప్పుడు సింగపూర్ నుంచి సందేశం కనిపించింది. మీ దేశానికి పార్సిళ్ళు వెళ్ళడం లేదు, ఆర్డరు రద్దు చేశాం అని. నాకేం బాధ కలగలేదు. డబ్బా తీసి ఫొటోలు నేల మీద పరుచుకుని కూచున్నాను. అమ్మ, నాన్న, తాతయ్య, ఇంకో ఐదారుగురు తెలిశారు. మిగిలినవాళ్ళెవరో తెలియదు. మా అమ్మ జడ పట్టుకుని లాగుతున్న చిన్న పిల్లాడెవరో, తాతయ్య భుజం మీద చెయ్యేసి నిలబడ్డ పెద్దమనిషెవరో తెలియదు. నా రక్తం పంచుకున్నవాళ్ళు దారిన పోయేవాళ్ళలా నన్ను చూస్తున్నారు. ఆ రోజు మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

వానలు తగ్గాక పెన్‌డ్రైవు తెచ్చుకుందామని ఊ ఛిట్ దగ్గరికి వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే నన్ను చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇన్నాళ్ళకా వచ్చేది? పని ఎప్పుడో అయిపోయింది. అమ్మగారి మోకాళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు దారం కట్టిన ప్రూఫు కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రతి ఫొటో కిందా బర్మా లిపిలో, పెన్సిలుతో, ఆయన చేతిరాతలో పేర్లున్నాయి. పైడమ్మ. అప్పలనరసమ్మ. గవరయ్య. తాతయ్య భుజం మీద చెయ్యేసినాయన మిల్లులో మేస్త్రీ, సూరన్న. అమ్మ జడ లాగుతున్న పిల్లాడు సింహాద్రి, అమ్మ తమ్ముడు, మూడేళ్ళకి పోయాడు. అమ్మకి తమ్ముడున్నాడని కూడా నాకు తెలియదు.

ఎవరు చెప్పారని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. మీ అమ్మగారే వచ్చారు, వరసగా మూడు మధ్యాహ్నాలు ఈ కుర్చీలోనే కూచున్నారు అన్నాడు. మాస్కు లేకుండా వస్తే తనే ఒకటిచ్చాడట, దాన్ని బొడ్లో దోపుకుందట. టీ ఇస్తే తాగలేదట. ఒక్కో మొహం మీదా వేలు పెట్టి నిదానంగా, స్వచ్ఛమైన బర్మా భాషలో చెప్పిందట.

ఏ రోజులని అడిగాను. పక్కనున్న టీకొట్టాయన పోయిన మర్నాడు మొదలు మూడు రోజులు, బాగా గుర్తుంది అన్నాడు. టీకొట్టు మూసేశారు కాబట్టి లోపల్నించి తనే టీ పెట్టి తెచ్చాడట. బయటికి వచ్చి టీకొట్టువాళ్ళని ఆ తారీకు కనుక్కున్నాను. నేను ఆక్సిజన్ కోసం వరసలో నిలబడ్డ మూడు రోజులూ అవే.

లోపలికి వెళ్ళి, అమ్మ పోయిందని చెప్పాను. ఎప్పుడో కూడా చెప్పాను. ఊ ఛిట్ చేతిలో పెన్సిలు కింద పెట్టేశాడు.

గుమాస్తా బుద్ధి ఊరుకోదు కదా, అన్నీ కనుక్కున్నాను. ఊ ఛిట్ మా అమ్మని ఫొటోల్లో చూశాడు కాబట్టి ఆయన గుర్తుపట్టడం సాక్ష్యం కాదు. కానీ పేర్లు ఎవరు చెప్పారు? మౌల్మెయిన్లో మా పిన్ని ఉంది, అమ్మ చెల్లెలు. అప్పుడు దారులన్నీ మూసేశారు, ఆవిడ కదిలే వీల్లేదు. ఫోన్ చేసి పేర్లు చదివి వినిపించాను. సగం పేర్లు ఆవిడకీ తెలియవు. సింహాద్రి అనగానే మాత్రం అడ్డుపడింది. "ఆ గుంటడి పేరు నీకెవులు సెప్పినారు? మాయమ్మ ఆ పేరెత్తనిచ్చీది కాదు" అంది.

డో సాన్‌ని అడిగాను. అమ్మ ఒక్క క్షణం కూడా మంచం దిగలేదని ఒట్టు వేసి చెప్పింది. కాకపోతే ఆ మూడు మధ్యాహ్నాలూ కళ్ళు మూసుకునే ఏదో అంటూ ఉందట. ఒక్కో మాట, ఆగి, ఇంకో మాట. ఎవరికో పేర్లు చెబుతున్నట్టుంది, జ్వరంలో కలవరింత అనుకున్నాను అంది.

ఇంకొకటుంది. అన్నిటికంటే నన్ను పట్టి కుదిపింది ఇదే. కట్టలో నాన్న ఫొటోలు ఐదున్నాయి. ఐదింటి కిందా ఖాళీ. ఎందుకని అడిగితే ఊ ఛిట్ అన్నాడు, "ఆయన పేరు మూడుసార్లు అడిగాను. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు, చెప్పలేదు. మర్చిపోయారేమో అనుకున్నాను."

మా అమ్మ తన జన్మలో నాన్న పేరు పలకలేదు. మా వాళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. ఏదో ఆఫీసులో అడిగితే నా వైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి. ఈ సంగతి ఊ ఛిట్‌కి తెలిసే దారి లేదు. ఎవరైనా ఆడిన నాటకమైతే, అన్నిటికంటే ముందు ఆ పేరే రాయించి ఉండేవాళ్ళు.

నాన్న పేరు నేను చెప్పాను. ఆయన ఐదుచోట్లా రాశాడు. పుస్తకం ఆయన దగ్గరే వేయించాను. కాగితం నేననుకున్నంత పల్చగా ఏం లేదు.

పుస్తకం తెచ్చుకోడానికి వెళ్ళిన రోజు, అమ్మ ఇంకేమైనా అందా అని అడిగాను. చెప్పాలా వద్దా అన్నట్టు ఊ ఛిట్ కాసేపు అట్ట మీద దుమ్ము తుడిచాడు. మూడో రోజు లేచి వెళ్ళబోతూ అందట, "మా అబ్బాయికి తీరిక లేదు బాబూ, అందుకే మీ దగ్గర కూచున్నాను" అని.

ఆ కుర్చీలో కూచున్నదెవరో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా దానికి కారణం నాకు దొరకలేదు, ఇక దొరకదు కూడా. దయ్యమంటే ఒప్పుకోను, కాదంటే ఈ పేర్లు ఎక్కడివో చెప్పలేను. కానీ ఆవిడ నా పరువు కాపాడ్డానికి ఆ పెద్దాయనకి అబద్ధం చెప్పింది. ఆ ఏడాది రేవులోకి ఓడలు రాలేదు, ఆఫీసు మూసేశారు. లైను వెతుక్కుంటూ పోయే కాసేపు తప్ప రోజంతా ఇంట్లోనే ఉన్నాను. డబ్బా ఒళ్ళో పెట్టుకున్న అమ్మకి మూడడుగుల దూరంలో, ఫోన్లో దాచుకున్న అట్టల రంగులు మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ కూచున్నాను.