స్లోలో నిలవని ఊరేగింపు కారు

ముందే చెబుతున్నాను, మార్కండేయులు బాబాయి కారు గురించి తెనాలిలో ఎవరేం చెప్పినా నమ్మకండి. వాళ్ళంతా ఆ కారు వెనక నడిచినవాళ్ళు. నేను ముందు నడిచాను. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం కారుకు ముందు నడుస్తుంది కదా, ఆ మేళంలో క్లారినెట్ వాయించే లూకాని నేనే. దాని బంపరు నా పిక్కలకు ఎప్పుడు తగులుతుందోనని హడలిపోతూ ఏళ్ళ తరబడి వాయించాను. అది ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు గుటుక్కుమంటుందో నా వీపుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అది రెండు సీట్ల విలాయతీ కారు. పందేల కోసం చేసిన బండి. ఎర్రగా, నేలబారుగా ఉండేది, టాపు వెనక్కి మడిచేయొచ్చు. స్పీడు చూపించే గడియారంలో నూట ఇరవై మైళ్ళ దాకా అంకెలుండేవి. చుండూరు దగ్గర ఒక భూస్వామి కొడుకు మద్రాసులో మోజుపడి కొన్నాడు. ఒక్క వానాకాలం కాలవగట్ల మీద నడిపి, నడుం పట్టేసి, ధాన్యం కొట్టులో పడేశాడు. అరవై ఆరులోనో ఏడులోనో మార్కండేయులు బాబాయి దాన్ని కొని, ఎడ్లబండికి కట్టి ఈడ్చుకొచ్చాడు. తుపాకి గుండులా పోవడానికి పుట్టిన ఆ కారు మా ఊళ్ళో ఏం చేసిందంటారా? వెనక డిక్కీ మీద పరుపు వేయించుకుని, దాని మీద పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ కూర్చోబెట్టుకుని, నా నడక నడిచింది. నేనేమో ఆయాసం మనిషిని.

బాబాయిది చీరాల దగ్గర నేతపని కుటుంబం. మగ్గం గుంటలో కూర్చోలేక కుర్రతనంలోనే పారిపోయి, తెనాలిలో లారీ షెడ్డులో చేరి మెకానిక్ అయ్యాడు. ఆయన గర్వమంతా ఆయన చెవి. మగ్గాల చప్పుడులో ఎక్కడ పోగు తెగినా వినిపించే చెవి అట! ఆ చెవిని తీసుకొచ్చి కార్బొరేటర్లకు అంకితం చేశాడు. ఆ కారుకు కార్బొరేటర్లు రెండు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే ఇంజను కుదురుగా తిరుగుతుంది. బాబాయి ఒక రబ్బరు గొట్టం కొసని చెవిలో దూర్చుకుని, రెండో కొసని ముందు ఒకదాని మూతి దగ్గరా, తర్వాత రెండోదాని మూతి దగ్గరా పెట్టి, ఆ బుస్సుమనే శబ్దం రెండింటిలోనూ ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పేవాడు. అంతసేపూ వీధిలో ఎవరూ మాట్లాడకూడదు. వాళ్ళావిడ ఆండాళమ్మ పిన్ని వంటింట్లో పోపు పెట్టకూడదు.

"పోపు చిటపటల్లో నాకు గాలి వినపడదే!" అని అరిచేవాడు.

"వినపడకపోతే మానె. నాకు చారు మాడిపోతోంది," అనేది పిన్ని. అయినా మూకుడు పట్టుకుని నిలబడేది, పాపం.

ఇంత హడావిడి ఎందుకంటే, ఊరేగింపు కారుకు స్పీడుతో పనిలేదు. కావలసిందల్లా స్లో. యాక్సిలేటర్ తొక్కకపోయినా ఇంజను దానంతటది నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. మేమేమో ప్రతి మలుపులోనూ ఆగి పాట మీద పాట వాయిస్తాం. కుర్రాళ్ళు చిందులేస్తారు. అంతసేపూ కారు అక్కడే నిలబడి గురుగురుమంటూ ఉండాలి. ఆగిపోయిందా, అంతే సంగతులు. కొత్త దంపతులు ఎక్కిన బండి నడివీధిలో ఆగితే కాపురం సాగదని మావైపు పట్టింపు. ఈ మహాతల్లి చలికాలం పెళ్ళిళ్ళలో బుద్ధిగానే నడిచేది. వైశాఖం వచ్చిందా, ఏదో ఒక పెళ్ళిలో నా వీపు వెనక దగ్గేది. బాబాయి తొక్కిపట్టి, బతిమాలి, ఎలాగో ఇల్లు చేర్చేవాడు.

ఇలాంటి బండిని జనం ఎందుకు పిలిచేవారంటే, పిన్ని కోసం. కారు ముందుండే ఇనప జల్లెడ మొత్తాన్ని కప్పేస్తూ ఆవిడ పూలతెర కట్టేది. బంతులు, నందివర్ధనాలు, అంచుకి మరువం, మధ్యలో మల్లెలతో జంట పేర్లు. తెనాలి నుంచి రేపల్లె దాకా అలాంటి తెర కట్టేవాళ్ళు లేరు. ఊరేగింపు అయ్యాక తెర విప్పుతూ పిన్ని తిట్టని రోజు లేదు.

"చూడు లూకా, లోపలివైపు పూలన్నీ ఉడకబెట్టిన తోటకూరలా అయిపోయాయి. మీ బాబాయి ఇంజను నా పూలని తినేస్తోంది!"

"పూలన్నాక వాడవేంటే?" అనేవాడు బాబాయి, ఆవిడవైపు తిరక్కుండానే.

డెబ్భై ఒకటి వైశాఖంలో బాపట్ల పెళ్ళి ఒకటి కుదిరింది. పెళ్ళికూతురు రేపల్లె పిల్ల జయలక్ష్మి. పెళ్ళికొడుకు తల్లి వీరరాఘవమ్మ గారు. అడవులదీవి నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, బాపట్లలో చేపల వ్యాపారం పెట్టి, ఇంజను పడవా, లారీ కూడా కొన్న మనిషి. ఆవిడ మాటంటే మాటే. తెర చూసి, "ఇంతేనా? ఇనుము కనపడుతోందమ్మా. రెట్టింపు కట్టు, నా కోడలు ఊరేగుతోంది," అంది. పిన్ని ఉప్పొంగిపోయి రెట్టింపు కట్టింది. దుప్పటంత మందాన ఉంది ఆ తెర.

బజారు మలుపులో మేము ఆగి మూడో పాట ఎత్తుకున్నాం. వెనక దగ్గు వినిపించింది. తర్వాత గుటకలు. తర్వాత ఏమీ లేదు. బాబాయి ఎంత గిలకొట్టినా ఇంజను లేవలేదు. చివరికి మేళంలో డోళ్ళవాళ్ళు డోళ్ళు వీపుకేసుకుని కారును నెట్టారు. నేను ఒక్కణ్ణే సిగ్గులేకుండా వాయిస్తూ ముందు నడిచాను. పైన ఆ పిల్ల తల ఎత్తలేదు.

ఆ తర్వాత బాబాయి కార్బొరేటర్ల మీద పడ్డాడు చూడండి, అబ్బో! జెట్లు విప్పి కిరసనాయిల్లో నానబెట్టాడు, ఫ్లోట్లు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, ఆఖరికి గుంటూరు నుంచి ఎవడో పని తెలిసినవాణ్ణి పిలిపించి వాడితో దెబ్బలాడి పంపించాడు. షెడ్డులో ఇంజను ఎంతసేపైనా ఆడేది. బానెట్ మీద నీళ్ళ గ్లాసు పెట్టి, నీళ్ళు కదలట్లేదని వచ్చేపోయేవాళ్ళకి చూపించేవాడు. "ఇప్పుడు చెప్పు లూకా, జబ్బు నయమైందా లేదా?" అనేవాడు. మొత్తం తెనాలిలో ఆ గ్లాసు చూడనివాడు లేడు.

మరుసటి వేసవిలో రేపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళాం. మేళం మొదలుపెట్టబోతుంటే ఒకావిడ రోడ్డుకు అడ్డంగా వచ్చి చేతులు చాపి నిలబడింది. జయలక్ష్మి తల్లి, పేరు పేరంటాలు.

"ఈ కారు మా వీధిలోకి రావడానికి వీల్లేదు. ఇంకో ఆడపిల్ల బతుకు బుగ్గి చేస్తారా?"

"ఏంటమ్మా ఆ మాట?" అన్నాడు బాబాయి.

"ఏంటంటావేంటి అన్నయ్యా? మీ బండి ఆగింది, మాట మా పిల్ల మీద పడింది. బండి ఆపిన పిల్ల అని పేరు పెట్టారు. పడవ దగ్గరికి రానివ్వరు. లారీకి ఎదురు రానివ్వరు. వల ఖాళీగా వస్తే అది దీని మొహమేనంట. మొన్న పడవ ఇంజను చెడిపోయిందని, వచ్చే ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళాక ఇక అక్కడే ఉండిపొమ్మని చెప్పేశారు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. మా కారును చూస్తూనే ఉంది.

బాబాయి కారు వెనక్కి తిప్పాడు. పెళ్ళివారు అరిచారు, ఆయన వినలేదు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. అన్నేళ్ళలో ఆ సీటులో కూర్చోవడం నాకదే మొదటిసారి. స్పీడుగా పోతాడేమో, ఆ గడియారంలో ముల్లు లేస్తుందేమో చూద్దామనుకున్నాను. ఎద్దులబండ్ల వెనకే వెళ్ళాడు. భట్టిప్రోలు దాటాక ఒక్కమాట అన్నాడు, "నా కార్బొరేటర్ వల్ల ఒక ఆడపిల్ల మాట పడుతోందిరా." ఆయన్ని అలా చూడడం నాకు బాధేసింది.

ఇంటికి రాగానే పిన్ని ఎదురొచ్చి, తెర ఇంకా కారుకే ఉండడం చూసి, పట్టుకుని తిరగేసింది. "ఊరేగింపే కాలేదంటారు, అప్పుడే ఉడికిపోయాయా! ఏం పాపం చేశాయయ్యా నా పూలు?"

బాబాయి రోజూలాగే విసుక్కోబోయి ఆగాడు. వచ్చి, తెరకీ జల్లెడకీ మధ్య చెయ్యి పెట్టాడు. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. బానెట్ ఎత్తి పెట్రోలు పైపు ముట్టుకున్నాడు. మళ్ళీ తెర దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాత అరుగు మీద కూలబడ్డాడు.

"గాలి ఆడట్లేదే దీనికి. నువ్వు దీని ముక్కు మూస్తున్నావు. కాగిపోయి, పైపులోనే పెట్రోలు ఆవిరైపోతోంది. కార్బొరేటర్ దాకా వస్తేగా! షెడ్డులో తెర లేదు, అందుకే ఆడుతోంది."

నేను ఘొల్లున నవ్వాను. మరేం చేయను? ఊరంతా నోరు మూయించి మరీ ఇంజను పీల్చే గాలిని విన్న చెవి అది! పక్కనే నిలబడి పెళ్ళాం ఏళ్ళ తరబడి చెప్పింది మాత్రం దూరలేదు. ఆయన నవ్వలేదు. పిన్ని కూడా నవ్వలేదు.

"అయితే నా పూలదా తప్పు?" అంది.

"కాదు. నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే వినలేదు," అన్నాడు. ఆయన నోట అలాంటి మాట వినడం పిన్నికి అదే మొదలనుకుంటాను, ఆవిడ తెర విప్పడం మరిచిపోయింది. కాసేపటికి ఆయనే, "అలాంటి తెరే ఇంకొకటి కట్టు. దుప్పటంత మందాన. బాపట్ల వెళదాం," అన్నాడు.

పిన్నీ నేనూ పూలబుట్టతో రైలెక్కాం. ఆయన కారులో వచ్చాడు. నేనెందుకు అంటే, "ఆ రోజు మూడో పాటకి ఆగింది. నువ్వు వాయించకపోతే ఎంతసేపయిందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

వీరరాఘవమ్మ గారు అరుగు మీద కూర్చుని ఉంది. బాబాయి సంగతంతా చెప్పి, ఇంటి ముందే ఎండలో కారు నిలబెట్టి, తెర కట్టించి, ఇంజను లేపాడు. "చూడండి అక్కయ్యా, ఇప్పుడు దీంట్లో ఎవరూ లేరు. అయినా ఆగుతుంది," అన్నాడు. నేను వాయించడం మొదలుపెట్టాను. వీధంతా పోగయింది. పెళ్ళి లేదు, పెళ్ళికొడుకు లేడు, మిట్టమధ్యాహ్నం క్లారినెట్! నన్ను పిచ్చివాడనుకుని ఉంటారు. మూడో పాట సగంలో కారు దగ్గింది, గుటకలు మింగింది, ఆగిపోయింది. ఆ బండి ఆగినందుకు మేం సంతోషించింది జన్మలో ఆ ఒక్కసారే.

వీరరాఘవమ్మ గారు తల తిప్పి గుమ్మంవైపు చూసింది. జయలక్ష్మి అప్పుడే తలుపు వెనక నుంచి తొంగి చూస్తోంది. "అదుగో, ఇది మళ్ళీ వచ్చి నిలబడిందిగా! ఆగదూ మరి?" అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి మాత్రం తెర విప్పి పక్కన పెట్టాడు, పైపు మీద తడిగుడ్డ చుట్టాడు, చల్లారేదాకా ఆగి ఇంజను లేపాడు. అప్పుడు, "అమ్మాయిని ఎక్కమనండి అక్కయ్యా," అన్నాడు.

జయలక్ష్మి అత్తగారిని అడగలేదు. గుమ్మం దిగి వచ్చి, బాబాయి తలుపు తీస్తే ఆయన సీటులోనే కూర్చుంది. నేను మళ్ళీ ఎత్తుకున్నాను. మూడో పాట అయింది. బాబాయి కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఈసారి చెవిలో గొట్టం లేదు. ఇంకో పాట, ఇంకోటి. నాకు ఊపిరి అందక క్లారినెట్ దింపేశాను. ఇంజను మాత్రం గురుగురుమంటూనే ఉంది. జనంలో ఎవరో, "ఆగట్లేదేంటి!" అన్నారు. పిన్ని ఏడుస్తోంది.

"అయితే పూలేనన్నమాట," అంది వీరరాఘవమ్మ గారు చివరికి. "మరి ఆ రోజు అంత మందాన కట్టమంది..." అని, ఆ మాట అక్కడే మింగేసింది.

"ఇక దిగమ్మా," అన్నాడు బాబాయి.

జయలక్ష్మి దిగలేదు. ఎదురుగా ఉన్న తాళంచెవి వైపు చూసింది. చెయ్యి చాపి తిప్పేసింది. ఇంజను ఠక్కున ఆగింది.

"అత్తయ్యా, ఇప్పుడు ఆపింది నేను," అంది. "ఆ రోజు ఆపింది నేను కాదు."

వీరరాఘవమ్మ గారు అరుగు మీంచి లేచి, "దిగి లోపలికి రా. ఎండ మండిపోతోంది," అంది.